నియోడిమియం పీబీఆర్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగా? (రీబటన్ కాంపౌండ్ గురించి)

రీబటన్_యర్రగుంట్ల
మాది చిన్న యూనిట్. రెండు రోళ్ల మిల్లు ఒకటి, ఎక్స్‌ట్రూడర్ ఒకటి. అరిగిన లారీ టైర్ల మీద కొత్తగా వేసే రీబటన్ రబ్బరు మేమే కలుపుకుంటాం. సిమెంటు లారీలు, బండల లారీలే మా గిరాకీ. ఇన్నాళ్లూ కోబాల్ట్ క్యాటలిస్ట్‌తో చేసిన పీబీఆర్ (పాలీబ్యూటాడైన్ రబ్బరు) వాడుతుంటిమి. పోయిన నెల సప్లయర్ మనిషి వచ్చి "ఇది నియోడిమియం గ్రేడన్నా, కిలోకు పన్నెండు రూపాయలే ఎక్కువ, కిలోమీటర్లు ఒకటిన్నర రెట్లు వస్తాయి" అని అంటగట్టి పోయినాడు. పాత లెక్కతోనే కలిపితే మిల్లు మీద రోలుకు పట్టడంల్యా. రోలు వదిలి కిందికి జారి వేలాడతాది. ఎక్స్‌ట్రూడర్ నుంచి వచ్చే పట్టీ అంచులు చిరిగి చిరిగి వస్తాండాయి. ఫోన్ చేస్తే "కొత్త గ్రేడు కదన్నా, చెయ్యి అలవాటు పడాల" అంటాడు.

నా అనుమానం ఏందంటే, రెండూ పాలీబ్యూటాడైనే, ఫార్ములా ఒకటే. తయారీలో చిటికెడు వేసే క్యాటలిస్ట్ మారితే రబ్బరే మారిపోతాదా? లేకుంటే పేరు చెప్పి రేటు పెంచే యవ్వారమా?

కొండారెడ్డి_బురుజు
నియోడిమియం అంటే అయస్కాంతం కదప్పా. టైరు రోడ్డుకు అతుక్కోనుంటాది, ఘాట్‌లో బ్రేకే అక్కర్లే.

రీబటన్_యర్రగుంట్ల
నవ్వుతాండావు గానీ, ఆ సేల్స్ మనిషి నిజంగా అదే మాట అన్నాడు. "మాగ్నెట్ మెటల్ అన్నా, గ్రిప్ వేరే లెవెల్" అని.

ఎన్‌హెచ్44_లారీ
అట్లాంటోన్ని టీ కూడా ఇయ్యకుండా పంపియ్యాల.

జేఎన్టీయూ_కెమికల్
యవ్వారం కాదన్నా, నిజంగానే మారుతుంది. సిస్ శాతం చూడండి, అంటే రబ్బరు అణువు గొలుసులో డబుల్ బాండ్‌కు రెండు కొసలూ ఒకే పక్కకు ఉండేలా చేరిన యూనిట్లు నూటికి ఎన్ని అని. నియోడిమియంతో 98 దగ్గర, కోబాల్ట్, నికెల్‌తో 96 దగ్గర, టైటానియం అయొడైడ్ పద్ధతిలో 92-93. బ్యూటైల్ లిథియంతో చేస్తే 40 కూడా దాటదు. సిస్ ఎంత ఎక్కువుంటే రబ్బరు అంత బాగా సాగి వెనక్కి వస్తుంది.

తాడిపత్రి_బండలు
98కీ 96కీ తేడా రెండు. రెండు మార్కులకు కిలోకు పన్నెండు రూపాయలా?

కెమిస్ట్రీ_అయ్యవారు
తాడిపత్రి వారు అడిగింది సరైన ప్రశ్న. దాన్ని తిరగేసి చూడండి. గొలుసులో సిస్ కాని యూనిట్ వచ్చిన ప్రతిచోటా వరస తెగుతుందనుకుందాం. 96 అంటే నూటికి నాలుగు, సగటున ప్రతి ఇరవై అయిదో యూనిట్ దగ్గర వరస తెగుతుంది. 98 అంటే నూటికి రెండు, యాభైకి ఒకసారి. అంటే ఏకధాటిగా నడిచే ముక్క పొడవు రెట్టింపయింది. రబ్బరును గట్టిగా లాగినప్పుడు గొలుసులు పక్కపక్కన సర్దుకుని స్ఫటికాలు కట్టాలంటే ఈ ఏకధాటి ముక్కలే కావాలి. చీలిక మొదలైన చోట స్ఫటికాలు కడితే ఆ చీలిక అక్కడే మొండికేస్తుంది. కేరళ రబ్బరుకు చినుగుడు తట్టుకునే గుణం ఉన్నది ఇందువల్లనే, అది దాదాపు పూర్తిగా సిస్.

పాలిమర్_ప్రొద్దుటూరు
సింథటిక్ రబ్బరు ప్లాంటులో పనిచేసి రిటైరై ఊరు చేరుకున్నా. కోబాల్ట్ లైను, నియోడిమియం లైను రెండూ చూసినా కాబట్టి రొంత వివరంగా చెప్తా.

అయ్యవారు చెప్పిన స్ఫటికాల ముచ్చట నిజమే గానీ, టైరు వేడెక్కి తిరుగుతాంటే ఆ లాభం చీలిక మొన దగ్గర మాత్రమే కనిపిస్తాది. అంతకంటే పెద్ద తేడా కొమ్మలది. కోబాల్ట్ గొలుసుకు పక్క కొమ్మలు వస్తాయి. నియోడిమియం గొలుసు దాదాపు తిన్నగా పోతాది. కొమ్మలు లేకుంటే వదులుగా వేలాడే కొసలు తక్కువ. టైరు తిరిగేటప్పుడు ఆ కొసలు ఊరికే కదిలి వేడి పుట్టిస్తాయి. అందుకే నియోడిమియం రబ్బరు తక్కువ వేడెక్కుతాది, తక్కువ అరుగుతాది.

ఇంగ చిటికెడు సంగతి. బ్యూటాడైన్‌లో రెండు డబుల్ బాండ్లు. అది గొలుసులో సిస్‌గా చేరొచ్చు, ట్రాన్స్‌గా (కొసలు చెరో పక్కకు) చేరొచ్చు, వినైల్‌గా పక్కకు నిలబడొచ్చు. ఏ తీరుగా చేరాలనేది మెటల్ దగ్గరే తేలిపోతాది. ప్రతి అణువూ గొలుసు కొసన ఉన్న మెటల్‌ను పట్టుకునే లోపలికి పోవాల, వేరే దారి లేదు. కిలో రబ్బరుకు నియోడిమియం వంద నుంచి రెండొందల మిల్లీగ్రాములు పడతాదేమో. అంతే. కానీ కిలోలో ఉండే ప్రతి యూనిట్ దాని చేతిమీదుగా పోయిందే.

ధర్మవరం_పట్టు
మా మగ్గం మీద జకార్డు అట్టలున్నట్లు. చీరలో అట్ట ఉండదు, అంచు మీద నెమలి మాత్రం అట్ట చెప్పిందే.

జేఎన్టీయూ_కెమికల్
బాగుంది గానీ ఒక తేడా. ఇక్కడ అట్ట కూడా చీరలోనే ఉండిపోతుంది. క్యాటలిస్ట్‌ను కడిగి తీసెయ్యరు, అంత కొంచెం కాబట్టి రబ్బరులోనే వదిలేస్తారు. కోబాల్ట్, నికెల్ లాంటివి మిగిలితే గాలిలోని ఆక్సిజన్‌తో రబ్బరు త్వరగా పాడవుతుంది. నియోడిమియానికి ఆ బెడద లేదు. మన ఎండలకు ఇదీ ఒక కారణం కదా?

స్టెప్నీ_భాషా
ఎండకు టైరు పగుళ్లిచ్చేది కోబాల్ట్ వల్లనా? ముప్పై ఏండ్ల నుంచి టైర్లు చూస్తాండా, ఎప్పుడూ ఇనలేదు.

పాలిమర్_ప్రొద్దుటూరు
తమ్ముడు పుస్తకంలో చదివింది తప్పు కాదు గానీ, దాన్ని చూపి భయపెట్టకూడదు. రబ్బరును బేలు (దిమ్మ) కట్టకముందే ప్లాంటులో యాంటీఆక్సిడెంట్ కలుపుతారు. మళ్ల కాంపౌండ్‌లో మీరు 6పీపీడీ (ఓజోన్, ఆక్సిజన్ నుంచి కాపాడే మందు) వేస్తారు. అంతెందుకు, రేడియల్ టైరులో స్టీలు తీగకు రబ్బరు అతుక్కోవాలని కోబాల్ట్ లవణం కావాలనే కలుపుతారు, అది పీబీఆర్‌లో మిగిలే దానికంటే చానా ఎక్కువ. భాషా అన్న చూసే సైడ్‌వాల్ పగుళ్లు ఓజోన్ పని, బండి కదలకుండా ఎండలో నిలబెట్టడం పని.

ఎన్‌హెచ్44_లారీ
అందరూ టైరుకు నియోడిమియం అంటాండారు. మరి చైనావోళ్లు దాన్ని ఆపేసినారంట కదా, రేటు పెరిగింది అందుకేనా?

జేఎన్టీయూ_కెమికల్
2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడింటిలో నియోడిమియం లేదన్నా. సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, యిట్రియం. ఈవీ మోటారు అయస్కాంతాల్లో డిస్ప్రోసియం, టెర్బియం కూడా పడతాయి కాబట్టి ఆ దెబ్బ అయస్కాంతాలకు తగిలింది. టైరులో ఉండేది గ్రాము కూడా కాదు. ఆ సాకుతో రేటు పెంచితే నమ్మకండి.

కొండారెడ్డి_బురుజు
పాత టైర్లు కాల్చి నియోడిమియం తీద్దామనుకున్నా. ఆ బిజినెస్ ప్లాన్ క్యాన్సిల్.

రీబటన్_యర్రగుంట్ల
పెద్దాయనా, మీరు చెప్పింది అర్థమైంది. మరి అంత మంచి రబ్బరైతే నా మిల్లు మీద ఎందుకు ఏడిపిస్తాంది?

పాలిమర్_ప్రొద్దుటూరు
మంచి గుణమే మిల్లు మీద కష్టం. కొమ్మలుండే కోబాల్ట్ రబ్బరు రోలుకు సులభంగా పడతాది. తిన్నని గొలుసు, పైగా పొడుగు గొలుసు అయితే మొండిగా ఉంటాది, రోలు వేడెక్కిందంటే వదిలేస్తాది. ముందు ఒకటి చెప్పు. బేలుతో పాటు వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లో మూనీ (రబ్బరు ఎంత మొండిగా ఉందో చెప్పే అంకె) ఎంత ఉంది? ఎంఎల్ 1+4, 100 డిగ్రీలు అని ఉంటాది చూడు.

రీబటన్_యర్రగుంట్ల
సర్టిఫికెట్ ఇచ్చినాడు, ఫైల్లో పెట్టేసినాం. రేపు చూసి చెప్తా.

తాడిపత్రి_బండలు
ఈలోగా నాకొక సందేహం. కంపెనీ కొత్త టైర్లలో సింథటిక్ అంటే అంతా ఈ పీబీఆరేనా?

కెమిస్ట్రీ_అయ్యవారు
కాదు. సింథటిక్‌లో ఎస్‌బీఆర్ (స్టైరీన్ బ్యూటాడైన్ రబ్బరు) వాటా చాలా పెద్దది. అందులో నియోడిమియం, కోబాల్ట్ ఏదీ ఉండదు. సబ్బునీళ్లలో స్టైరీన్, బ్యూటాడైన్ కలిపి, 5 డిగ్రీల చలిలో పెరాక్సైడ్, ఇనుప లవణం జతతో రాడికల్స్ పుట్టిస్తారు. వాటికి దిక్కూ దారీ చెప్పే మెటల్ లేదు కాబట్టి బ్యూటాడైన్ ఎక్కువగా ట్రాన్స్‌గా చేరిపోతుంది. ఈ చల్లని పద్ధతి రాకముందు 50 డిగ్రీల దగ్గర చేసేవారు, ఆ రబ్బరు అంత బాగుండేది కాదు.

మన దేశంలో మొదటి ఎస్‌బీఆర్ ప్లాంటు 1963లో బరేలీలో వచ్చింది. చెరకు మడ్డి నుంచి వచ్చే ఆల్కహాలుతో బ్యూటాడైన్ చేశారు, పెట్రోలుతో కాదు. చాలామంది నమ్మరు. అదే 1963లో జీగ్లర్‌కు, నట్టాకు నోబెల్ వచ్చింది. మనం పైన మాట్లాడుకుంటున్న కోబాల్ట్, నియోడిమియం పద్ధతులన్నీ ఆ ఇద్దరి అల్యూమినియం ఆల్కైల్ దారిలో నడిచినవే. నియోడిమియం రబ్బరు పెద్ద ఎత్తున మార్కెట్‌లోకి వచ్చింది మాత్రం 1980ల్లో, జర్మనీ, ఇటలీ కంపెనీల నుంచి.

జేఎన్టీయూ_కెమికల్
కార్ల టైర్లకు సొల్యూషన్ ఎస్‌బీఆర్ వేరే ఉంది సార్, అది బ్యూటైల్ లిథియంతో చేస్తారు. పక్కన టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకం లాంటిది రొంత కలిపితే వినైల్ పెరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు పెరుగుతుంది. గొలుసు కొస బతికే ఉంటుంది కాబట్టి సిలికాను పట్టుకునే గ్రూపును చివర తగిలించొచ్చు. మైలేజీ టైర్లు అని అమ్మేవాటి కిటుకు చాలావరకు అక్కడే ఉంది.

కెమిస్ట్రీ_అయ్యవారు
నిజం. సిస్ తక్కువని లిథియాన్ని తీసిపారేయకూడదు. కారు ట్రెడ్‌కు కావలసింది వేరు, లారీ సైడ్‌వాల్‌కు కావలసింది వేరు.

ఎన్‌హెచ్44_లారీ
ట్యూబు సంగతేంది? దాంట్లో ఏం మెటల్?

పాలిమర్_ప్రొద్దుటూరు
ట్యూబు బ్యూటైల్ రబ్బరు. ఐసోబ్యూటిలీన్‌లో రొంత ఐసోప్రీన్. క్యాటలిస్ట్ అల్యూమినియం క్లోరైడ్. మిథైల్ క్లోరైడ్‌లో మైనస్ వంద డిగ్రీల దగ్గర చేస్తారు, చుక్క పడిందంటే సెకన్లలో అయిపోతాది. మన దగ్గర జామ్‌నగర్‌లో చేస్తారు.

కొండారెడ్డి_బురుజు
కర్నూల్లో కరెంటు పోయి కూర్చున్నా. ఇంకోసారి మైనస్ వంద అను సామీ, చెవులకు చల్లగా ఉండాది.

స్టెప్నీ_భాషా
మీరంతా లోపలి సంగతి చెప్తాండారు. నేను రోడ్డు సంగతి చెప్తా. యర్రగుంట్ల అన్నా, నీ గిరాకీలో క్వారీలోకి పోయే టిప్పర్లు ఎన్ని, హైవే మీద పోయేవి ఎన్ని? క్వారీలో టైరు అరిగి చావదు. కోసుకపోయి చస్తాది. మొన్న ఒక టిప్పర్ టైరు వచ్చింది, బటన్ లోతు ఇంకా సగం పైనే ఉండాది, కానీ గడ్డల అంచులన్నీ గోరంత గోరంత ముక్కలు లేచిపోయి, లోపల కాన్వాసు కనపడతాంది. ఆడ బొటనవేలు పెడితే దిగిపోతాంది. ఏ యూనిట్‌లో వేసినారో చెప్పను గానీ, పీబీఆర్ దండిగా వేసినారని వాళ్ల మనిషే చెప్పినాడు. దానికి కోబాల్ట్ అయితే ఏం, బంగారం అయితే ఏం?

తాడిపత్రి_బండలు
భాషా చెప్పింది నూటికి నూరు. మా బండ్లు క్వారీ నుంచి పాలిష్ ఫ్యాక్టరీకి, ఆడ నుంచి బెంగళూరుకు పోతాయి. ఫ్యాక్టరీ దాకా తిరిగే బండికి ఒక రబ్బరు, బెంగళూరు పోయే బండికి ఒక రబ్బరు అడిగితే రీబటన్ వాళ్లు నన్ను పిచ్చోన్ని చూసినట్లు చూస్తారు.

పాలిమర్_ప్రొద్దుటూరు
ఒప్పుకుంటా. పీబీఆర్ అరుగుదల తగ్గిస్తాది గానీ, రాయి కోతకు బలహీనం, తడి రోడ్డు మీద పట్టు కూడా తక్కువ. నియోడిమియం వచ్చినా ఆ గుణం పూర్తిగా పోదు. క్వారీ టైరుకు నాచురల్ ఎక్కువ, పీబీఆర్ తక్కువ పెట్టుకోవాల. హైవే టైరుకు పీబీఆర్ పెంచుకోవచ్చు, ఆడ నియోడిమియం డబ్బు తిరిగొస్తాది. రెంటికీ ఒకే కాంపౌండ్ అంటే రెంటికీ సరిపోదు.

ఇంగ ఒకటిన్నర రెట్లు అన్నోని లెక్క చూడండి. మీ కాంపౌండ్‌లో నూరు భాగాల రబ్బరులో పీబీఆర్ ముప్పయ్యో నలభయ్యో. ఆ నలభైలో గ్రేడు మారితే మొత్తం టైరు ఒకటిన్నర రెట్లు నడవడం ఏ లెక్కలో వస్తాది?

జేఎన్టీయూ_కెమికల్
కానీ సార్, కంపెనీ బ్రోచర్లలో అరుగుదల మెరుగు బాగానే చూపిస్తారు కదా?

పాలిమర్_ప్రొద్దుటూరు
ల్యాబ్‌లో డ్రమ్ము మీద అరగదీసిన ముక్క అది, బ్లెండ్ కూడా వాళ్ల బ్లెండే. కడప-తాడిపత్రి రోడ్డు మీద ఓవర్‌లోడ్ లారీ కాదు తమ్ముడూ.

రీబటన్_యర్రగుంట్ల
సర్టిఫికెట్ తీసి చూసినా. మూనీ 63 అని ఉండాది. పాత కోబాల్ట్‌ది 45.

పాలిమర్_ప్రొద్దుటూరు
నీ రోగం దొరికింది. నియోడిమియం గ్రేడ్లు మామూలుగా రెండు రకాలు అమ్ముతారు, మూనీ 44 దగ్గరిది ఒకటి, 63 దగ్గరిది ఒకటి. రియాక్టర్లో అల్యూమినియం హైడ్రైడ్ పాళ్లు మారిస్తే చాలు, గొలుసు పొడుగు మారతాది. హైడ్రైడ్ తగ్గిస్తే గొలుసు పొడుగు, మూనీ ఎక్కువ. 63 అనేది పెద్ద టైరు ఫ్యాక్టరీల్లో బాన్‌బరీ మిక్సర్ (మూసిన గదిలో గట్టిగా నలిపే పెద్ద మిషన్) ఉన్నోళ్లకు. రెండు రోళ్ల మిల్లుకు అది అమ్మడం ఆయన తప్పు. నువ్వు 45 తీసేసి 63 పెట్టినావు. క్యాటలిస్టూ మారింది, గొలుసు పొడుగూ మారింది. మిల్లు మీద ఏడుపు ఎక్కువ భాగం రెండోదాని వల్ల.

స్టెప్నీ_భాషా
అంటే నియోడిమియం మీద పడిన నింద సగం అబద్ధం.

రీబటన్_యర్రగుంట్ల
ఉన్న సరుకు ఏం చెయ్యాల పెద్దాయనా? వెనక్కి తీసుకోడు, అడిగేసినా.

పాలిమర్_ప్రొద్దుటూరు
పారెయ్యద్దు. రోళ్లలోకి చల్లనీళ్లు బాగా పారియ్యి, ఎండాకాలం ట్యాంకు నీళ్లే వేడిగా ఉంటాయి, పొద్దున్నే మిక్సింగ్ పెట్టుకో. నాచురల్‌ను ముందు ఒక్కదాన్నే బాగా నలిపి మెత్తబరచు, అది రోలుకు గట్టిగా పట్టినాక పీబీఆర్ కొంచెం కొంచెం వెయ్యి. రోళ్ల సందు బిగించు. కార్బన్ బ్లాక్ అంతా ఒకేసారి పొయ్యద్దు, ఆయిల్‌తో పాటు దఫాలుగా వెయ్యి. పీబీఆర్‌లో సగం పాత కోబాల్ట్, సగం ఇది వేస్తే ఇంకా సులువు. గంధకం, యాక్సిలరేటర్ చివర్లో, షీటు చల్లారినాక. కలిపినాక ఒక రోజు పక్కన పెట్టి ఎక్స్‌ట్రూడర్‌కు ఇయ్యి, అంచులు సర్దుకుంటాయి. వచ్చేసారి తెప్పిస్తే 44 అడుగు.

ఇంకొకటి. బేళ్లు ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చద్దు. తిన్నని గొలుసు కదా, ఈ ఎండకు కింది బేలు మెల్లగా పారి అట్టపెట్టెకు అతుక్కుంటాది.

రీబటన్_యర్రగుంట్ల
ఇప్పటికే పారింది. కింది వరస పెట్టెలు చింపలేక కత్తితో కోసినాం.

కొండారెడ్డి_బురుజు
సరుకు వెనక్కి పోనంటాంది, ముందుకు మాత్రం పారతాంది.

తాడిపత్రి_బండలు
కలిపినాక ఎవరి బండికి వేసి చూస్తావన్నా? నావి రెండు హైవే బండ్లుండాయి, ట్రయలుకు ఇస్తా. కాకుంటే కోతలొస్తే డబ్బులు అడగను, నువ్వూ రీబటన్ డబ్బులు అడగద్దు.

రీబటన్_యర్రగుంట్ల
ఖాయం. రెండు టైర్లు కొత్త కాంపౌండ్, రెండు టైర్లు పాతది.

ఎన్‌హెచ్44_లారీ
ఒకే బండికి వెయ్యి. రెండు బండ్లకు వేస్తే డ్రైవర్ మారతాడు, లోడు మారతాది, లెక్క తేలదు.

స్టెప్నీ_భాషా
ఒకే బండి అయినా జత చక్రాల్లో లోపలిది, బయటిది ఒకే తీరుగా అరగవు. కొత్తది లోపల, పాతది బయట వేస్తే మళ్ల తప్పుడు లెక్క. ఎడమ పక్క బయట ఒకటి, కుడి పక్క బయట ఒకటి వెయ్యి, మధ్యలో ఒకసారి అటుది ఇటు మార్చు. గాలి ఒకే కొలత పెట్టు. గాడి లోతు ఎప్పుడూ ఒకే మూడు చోట్ల కొలిచి గోడ మీద రాసుకో, ఫోన్లో రాసుకుంటే మర్చిపోతావు. గేజీ లేకుంటే నా దగ్గర ఉంది, ప్రొద్దుటూరు బైపాస్ కాడికి వచ్చి తీసుకపో.

రీబటన్_యర్రగుంట్ల
బుధవారం వస్తా భాషా అన్నా. వచ్చేటప్పుడు ఆ టిప్పర్ టైరు కూడా చూపియ్యి, పారేసినావా?

స్టెప్నీ_భాషా
షెడ్డు ఎనక ఉండాది.